కబడ్డీ ఆడేవాడికి ఇసుక బస్తా: ఎంత బరువు, ఎలా ఎత్తాలి, ఎక్కడ ఆపాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గర ఊరు, 21 ఏళ్ళు, 74 కిలోలు, కబడ్డీలో రైడర్‌వి. జిమ్‌లో స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 110 కిలోలు, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ పట్టుకుని నిలబడడం) 140 కిలోలు లేపుతున్నావు, అయినా ఇద్దరు డిఫెండర్లు నడుం చుట్టేస్తే గడ్డిమోపులా పక్కకి పడిపోతున్నానన్నావు. ఎవరో గుండ్రాళ్ళు ఎత్తే రీల్స్, ట్రాక్టర్ టైర్లు తిప్పే రీల్స్ చూశావు, మీ మామయ్య కల్లంలో మిర్చి టిక్కీలు, అంటే ఎండుమిర్చి బస్తాలు, ఉన్నాయి కాబట్టి వాటితో మొదలుపెట్టొచ్చా అని అడిగావు. అమ్మేమో నడుం పోతుందిరా, హెర్నియా వస్తుందిరా అంటోంది.

మొదలుపెట్టొచ్చు. మిర్చి టిక్కీతో మాత్రం వద్దు, ట్రాక్టర్ టైరుతో అసలే వద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముఠా పని చేసేవాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్, ఆ నాలుగు నెలలూ ఇంట్లో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్ళం, ఆయన చొక్కా విడిగా ఉతకాల్సిందే. ఒక్కో టిక్కీ నలభై, నలభై అయిదు కిలోలు ఉంటుంది. రోజుకి ఎన్ని మోసేవాడో లెక్క నేనెప్పుడూ పెట్టలేదు గానీ సెలవుల్లో అన్నం క్యారియర్ పట్టుకెళ్ళి గంటలు గంటలు కూర్చుని చూసేవాణ్ణి. చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ మనుషులు బస్తాని నేల మీద నుంచి ఒంటరిగా ఎత్తరు. ఇద్దరు చెరో వైపు మూలలు పట్టుకుని ఊపి లేపుతారు, మోసేవాడు మోకాళ్ళు కొంచెం వంచి కిందకి దూరి వీపు ఇస్తాడు, బస్తా మెడ కింద భుజాల మధ్య కూర్చోగానే చిన్న చిన్న అడుగులతో కదిలిపోతాడు. దింపేటప్పుడూ అంతే, భుజం వంచి జార్చేస్తాడు. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా సరదా కొద్దీ ఒంటరిగా పైకి లేపబోతే మేస్త్రీ తిట్టేవాడు, "మళ్ళీ రేపు పనిలోకి రావాలిరా" అని.

నేను కబడ్డీ ఆడిన రోజుల్లోగానీ, ఇప్పుడు విజయవాడలో పిల్లలకి నేర్పేటప్పుడుగానీ ఈ ఒక్క ముక్క మీదే నడుస్తాను. మోయడం ఎక్కువ, నేల మీద నుంచి ఎత్తడం తక్కువ. రీల్స్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే ఎత్తితే చూడ్డానికి బాగుంటుంది, నడిస్తే ఎవరు చూస్తారు.

ఇప్పుడు నీ అసలు బాధ. 140 లేపేవాడు ఎందుకు పడిపోతున్నాడు? జిమ్‌లో బార్ సంగతి ఆలోచించు. మగవాళ్ళ ఒలింపిక్ బార్ 2.2 మీటర్ల పొడవు, 20 కిలోల బరువు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం. చేతికి సరిగ్గా ఇమిడేలా, రెండు వైపులా సమానంగా తూగేలా, చివర్లు తిరిగేలా, మనిషి కోసమే చేసిన వస్తువు అది. బరువు తప్ప ఇంకే ఇబ్బందీ పెట్టదు. ఆ ఇబ్బందులు లేకపోబట్టే దాని మీద అంత బరువు లేపగలుగుతాం, అందుకే బలం పెంచడానికి దాన్ని మించింది లేదు. మన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో స్నాచ్ (ఒకే ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకి, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది బార్‌తోనే. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో స్వర్ణం కొట్టిందీ దాంతోనే. కాబట్టి బార్ పనికిరాదు, బస్తాయే అసలైన బలం అని ఎవడైనా చెబితే నమ్మకు. నీ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మానొద్దు.

కానీ నిన్ను పట్టుకున్న డిఫెండర్‌కి పిడి ఉండదు. వాడి బరువు ఒక పక్కకే వేలాడుతుంది, నువ్వు లాగుతుంటే జారుతుంది, మళ్ళీ ఇంకో చోట పట్టుకుంటుంది. నీ నడుం వంగకుండా, తిరిగిపోకుండా నిలబెట్టే కండలు, అంటే పొట్ట చుట్టూ, పక్కటెముకల కింద, పిరుదుల పక్కన ఉండేవి, అలాంటి అడ్డదిడ్డమైన బరువు కింద ఎప్పుడూ పని చేసి ఉండవు. ఇసుక బస్తా చేసేది అదే. ఎత్తిన ప్రతిసారీ లోపల ఇసుక ఒక పక్కకి జారుతుంది, నిన్నటి పట్టు ఇవాళ దొరకదు. మొదటిసారి 40 కిలోల బస్తా కౌగిలించుకుని ముప్పై అడుగులు నడిచి, డెడ్‌లిఫ్ట్ 180 చేసే మా వాడొకడు నేల మీద కూలబడి "అన్నా, ఇది నిజంగా నలభయ్యేనా" అన్నాడు.

మిర్చి టిక్కీ ఎందుకు వద్దన్నానంటే, మిర్చి తేలిక సరుకు, నలభై కిలోలకే పరుపంత లావుంటుంది, చేతులు చుట్టూ అందవు. పైగా చెమట పట్టిన మెడకి, మోచేతుల లోపలి వైపుకి ఆ గోతం రాసుకుందంటే సాయంత్రం దాకా మంట, ఆ చేతులతో కళ్ళు తుడుచుకున్నావంటే ఇక చెప్పక్కర్లేదు. ఖాళీ మిర్చి గోతంలో ఇసుక పోసుకుందామనుకుంటావేమో, మా తమ్ముడు చేశాడు, రెండుసార్లు ఉతికినా ఘాటు పోలేదు. ఇవన్నీ కాక, నువ్వు నాలుగుసార్లు కింద పడేస్తే కాయ నలిగి మామయ్య సరుకు ధర పడిపోతుంది.

బస్తా నువ్వే తయారు చేసుకో. ఇసుక జల్లెడ పట్టి రెండు రోజులు బాగా ఎండబెట్టు. తడి ఇసుక బరువు తెలీదు, లోపల కుళ్ళు వాసన వస్తుంది, ఎండేకొద్దీ తేలికవుతుంది, నీకేమో నా బలం పెరిగిందని భ్రమ. ఎండిన ఇసుక లీటరుకి సుమారు కిలోన్నర పైనే తూగుతుంది, అంటే 40 కిలోలకి పాతిక లీటర్ల చోటు చాలు. దాన్ని పది పది కిలోల పొట్లాలుగా మందపాటి పాలిథిన్ కవర్లలో పోసి, ఒకదాని మీద ఇంకో కవరు తొడిగి, మూతి మెలిపెట్టి టేపు చుట్టు. పొట్లం నిండా కుక్కొద్దు, ఇసుక కదిలే ఖాళీ ఉండాలి. పై సంచి మాత్రం బియ్యం ప్లాస్టిక్ గోతం వాడొద్దు, రెండోసారి పడేసేసరికి పగులుతుంది. ఆటోనగర్‌లో లారీ పట్టాలు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మందపాటి కాన్వాస్‌తో, డబుల్ కుట్టుతో, లోపలి పొట్లాలు పెట్టాక మూడొంతులే నిండేలా ఒక సంచి కుట్టించుకో. నిండుగా కుక్కితే దుంగలా బిగుసుకుపోయి సుఖంగా ఎత్తొచ్చు, వదులుగా ఉంటే అదే బరువు నిన్ను ఏడిపిస్తుంది, మనకి కావాల్సింది రెండోది. పిడులు కుట్టిస్తానంటాడు, వద్దను. పిడి ఉంటే నువ్వు పిడే పట్టుకుంటావు. మా కాలంలో పాత లారీ ట్యూబు కోసి, ఇసుక పోసి, రెండు మూతులూ ట్యూబు ముక్కలతోనే కట్టేసేవాళ్ళం, అది ఇంకా మంచిది, ఒంటికి అంటుకుంటుంది, చిరగదు. పాత ట్యూబు దొరికితే వదలకు.

ఎత్తే పద్ధతి ఇక్కడ జాగ్రత్తగా చదువు. బస్తాని రెండు కాళ్ళ మధ్య నిలువుగా పడుకోబెట్టు, పాదాలు దానికి చెరో వైపు, భుజాల కంటే వెడల్పుగా. పిరుదులు వెనక్కి నెట్టి వంగు, రెండు చేతులూ బస్తా అడుగుకి దూర్చు, వేళ్ళతో గుడ్డని గిల్లి పట్టుకోవద్దు, ముంజేతులతో కౌగిలించు. పొట్ట నిండా గాలి పీల్చి, ఎవడో పొట్ట మీద గుద్దబోతున్నట్టు బిగించు. అప్పుడు లేపి, పూర్తిగా నిలబడకుండా, కొంచెం కూర్చున్నట్టుగా ఉండి బస్తాని ఒళ్ళోకి, అంటే తొడల మీదకి తెచ్చుకో. ఇక్కడ ఆగొచ్చు. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చుకో, పట్టు మార్చుకుని బస్తాని ఇంకా పైకి, ఛాతీకి హత్తుకో. ఇప్పుడు తొడలతో, పిరుదులతో నిలబడు. భుజం మీదకి వెయ్యాలంటే నిలబడే ఊపులోనే తుంటితో తోసి వెయ్యాలి, చేతులతో లాగితే ఎక్కదు, మోచేతులు పోతాయి. ఆ "ఒళ్ళో ఆగడం" దగ్గరే కొత్తవాళ్ళు తొందరపడతారు. నేల నుంచి భుజానికి ఒకే ఊపులో వెయ్యాలని చూస్తే నడుం పట్టేస్తుంది.

వీపు నిటారుగా ఉండాలా అని అడుగుతావు. బార్ దగ్గర నీకు నేర్పిన రూలు ఇక్కడ పూర్తిగా కుదరదు, బస్తాని కౌగిలించాలంటే పై వీపు కొంచెం గుండ్రంగా వంగక తప్పదు, పర్లేదు. కింది నడుం మాత్రం ఏ భంగిమలో మొదలుపెట్టిందో అక్కడే గట్టిగా ఉండాలి, బరువు చేతుల్లో ఉండగా అది ఇంకా వంగడం, పక్కకి తిరగడం మొదలైందంటే వదిలేయ్. వదిలేయడానికి సిగ్గుపడకు, ఇసుక బస్తా గొప్పతనమే అది, కింద పడితే నేలకీ నొప్పి లేదు నీకూ లేదు. పాదాలు మాత్రం వెడల్పుగా ఉంచు, బూట్లు వేసుకో.

ఎంత బరువు? నీ ఒంటి బరువులో సగం, అంటే 35 నుంచి 40 మధ్య మొదలుపెట్టు. తక్కువనిపిస్తుంది, అనిపించనీ. వారంలో రెండు రోజులు చాలు, కబడ్డీ ప్రాక్టీస్ అయ్యాకే గానీ ముందు కాదు, అలిసిన నడుంతో రైడ్‌కి వెళితే దెబ్బలు తగులుతాయి. మొదట పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించు, గుంజీలు, దండీలు, నాలుగు చిన్న పరుగులు. తర్వాత నేల నుంచి భుజానికి కుడి వైపు మూడు, ఎడమ వైపు మూడు, రెండు నిమిషాలు కూర్చో, అలా మూడుసార్లు. నీకు చేతకాని వైపు ముందు చెయ్యి, చేతనైన వైపు ఎలాగూ చేస్తావు. ఎత్తడం అక్కడితో ఆపేసి ఇక మోయడమే.

ఛాతీకి హత్తుకుని నడవడం నీకు అన్నిటికంటే పనికొచ్చేది. రైడ్ 30 సెకన్లే కాబట్టి నడక కూడా 30 సెకన్లే, తర్వాత నిమిషంన్నర విశ్రాంతి, ఆరుసార్లు. బస్తా ఛాతీని నొక్కుతుంటుంది కాబట్టి నిండా ఊపిరి అందదు, చిన్న చిన్న ఊపిర్లతో పొట్ట బిగువు వదలకుండా నడవడం అలవాటవ్వాలి. నేను మా పిల్లల చేత ఒక పని చేయిస్తాను, నవ్వొచ్చినా చెయ్యి: 25 కిలోల తేలిక బస్తా పట్టుకుని కబడ్డీ కబడ్డీ అంటూ నడవడం. కూత ఆగితే బస్తా దింపాలి. నడుం బిగించి ఉంచి కూత పెట్టడం అనేది విడిగా నేర్చుకోవాల్సిన విద్య, మ్యాచ్‌లో నిన్ను పట్టుకున్న క్షణంలో నీకు కరువయ్యేది అదే. భారీ బస్తాతో మాత్రం ఈ కూత పని చెయ్యకు.

రెండో రోజు భుజం మీద మోత, అటు ఇరవై మీటర్లు ఇటు ఇరవై మీటర్లు, వెనక్కి వచ్చేటప్పుడు భుజం మార్చు. తల మీద మోయొద్దు. చుట్టకుదురు పెట్టుకుని మోసే ఆడవాళ్ళు చిన్నప్పటి నుంచి మెడ అలవాటు చేసుకున్నారు, నీకు ఇప్పుడు ఆ అవసరం లేదు. చేతి పట్టు కోసం రెండు 20 లీటర్ల పెయింట్ డబ్బాల్లో ఎండు ఇసుక పోసుకో, ఒక్కోటి ముప్పై కిలోలు దాటుతుంది. తీగ పిడి వేళ్ళు కోసేస్తుంది కాబట్టి దానికి పైపు ముక్క తొడుగు. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని వేగంగా నడవడమే. ఒక చేతిలోదే పట్టుకుని నడిస్తే నడుం పక్క కండలకి ఇంకా మంచిది.

ఇక లాగుడు. పాత లారీ టైరుకి తాడు కట్టి, నడుముకి బెల్టుతోనో, లేదా ఎదురుగా తిరిగి చేతులతో పట్టుకుని వెనక్కి నడుస్తూనో లాగడం. మన పల్నాటి తిరునాళ్ళలో ఒంగోలు ఎడ్లు బండ లాగే పందేలు చూశావు కదా, అవి మెడ దించి, గిట్టలు పాతి, నడుం బిగించి ఎలా కదులుతాయో చూడు, కోచ్ చెప్పేదానికంటే బాగా అర్థమవుతుంది. లాగుడులో ఇంకో లాభం, బరువుని దింపే పని ఉండదు, కండ సాగుతూ బరువు మొయ్యదు, కాబట్టి మర్నాడు ఒళ్ళు నొప్పులు తక్కువ. అందుకే టోర్నమెంట్ల సీజన్లో ఎత్తడం పూర్తిగా ఆపేసి వారానికి ఒక రోజు లాగుడు, కాస్త మోత మాత్రమే ఉంచుకో. మట్టి గ్రౌండ్‌లో లాగు. కృష్ణ ఒడ్డున ఇసుకలో చేస్తే రెట్టింపు కష్టం, బాగుంటుంది, కాకపోతే ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు, కాళ్ళు కడుక్కుందామని కూడా లోపలికి దిగొద్దు.

ట్రాక్టర్ టైరు తిప్పడం గురించి. 2009లో నేను ఒక జిమ్ వాళ్ళు పెట్టిన సరదా పోటీలో తిప్పాను. వేడెక్కకుండా, ఫ్రెండ్స్ అరుస్తున్నారని దిగాను. అరచేతులు పైకి పెట్టి టైరు అంచు కింద దూర్చి, మోచేతులు వంచి, చేతులతోనే పైకి లాగాను. మూడో తిప్పుడులో కుడి మోచేతి దగ్గర తాడు తెగినట్టు ఠప్పుమంది. కండరం పైకి ముడుచుకుపోయింది, కింద గుంట పడింది. కండని ఎముకకి కట్టే స్నాయువు తెగిందన్నారు, ఆపరేషన్ చేసి మళ్ళీ అతికించారు, ఇప్పటికీ స్క్రూడ్రైవర్ గట్టిగా తిప్పలేను. ఆ పోటీ పెట్టినవాళ్ళు ఒక్కడికీ ఎలా తిప్పాలో చూపించలేదు, నేనూ అడగలేదు. టైరుని తిప్పాలంటే ఛాతీని, భుజాన్ని దానికి ఆనించి, చేతులు తిన్నగా ఉంచి, ముందుకి వాలి కాళ్ళతో నెట్టాలి, మోకాలు టైరు కింద పెట్టి ఎగదొయ్యాలి. అది నేర్పే మనిషి పక్కన లేకపోతే టైరు లాగడానికే పనికొస్తుంది అనుకో.

రాళ్ళ సంగతి కూడా అడిగావు. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు మనకి తెలిసినవే, ఐస్‌లాండ్‌లో హుసాఫెల్ అనే చోట 186 కిలోల రాయి ఒకటుంది, దాన్ని ఛాతీకి హత్తుకుని మోయడం అక్కడ పాత బలపరీక్ష. రాయి గొప్పదే, కానీ రాయి తప్పు క్షమించదు. చెమటకి జారుతుంది, వేళ్ళ మీద పడితే వేళ్ళు ఉండవు, నేల మీద పడితే చెక్కలెగురుతాయి. ఒక ఏడాది బస్తాతో పని చేశాక, నీ ఒంటి బరువంత బస్తా భుజానికి ఎత్తగలిగాక, అప్పుడు రాయి గురించి మాట్లాడుకుందాం.

పెంచడం ఎలాగంటే, మొదటి రెండు వారాలు బరువు పెంచొద్దు. తర్వాత రెండు వారాలు నడిచే సార్లు ఆరు నుంచి ఎనిమిదికి పెంచు. అప్పుడే ఐదు కిలోలు కలుపు, కలిపిన రోజు మళ్ళీ ఆరుకి దిగు. ఎనిమిదో వారం సగానికి తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారికి తగ్గించు, బస్తా, బార్ రెండూ ఒకే నడుం మీద పడుతున్నాయని మర్చిపోకు.

అమ్మ భయం గురించి, ఆవిడ అన్నది కొట్టిపారేసే మాట కాదు. క్రమంగా పెంచుకుంటూ పోయిన బరువు నడుముని బలపరుస్తుంది, ఒక్కరోజు రోషంతో ఎత్తిన బరువు పాడుచేస్తుంది. కండల నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. నొప్పి పిరుదు దాటి కాలి వెంట కిందకి పాకుతుంటే, పాదం తిమ్మిరెక్కుతుంటే ఆపేసి డాక్టర్‌కి చూపించుకో. గజ్జల్లో దగ్గినప్పుడు ఉబ్బెత్తుగా ఏదైనా తగిలితే అది హెర్నియా కావచ్చు, సర్జన్ చూసేదాకా బస్తా ముట్టుకోవద్దు, నాటు కట్లు, తైలాలు వద్దు. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉంటే ఒకసారి నీది చూపించుకో, ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు బీపీ బాగా పెరుగుతుంది.

ఎండ గురించి మీ వైపు వాళ్ళకి నేను చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకల్లా ముగించెయ్యి. ఉప్పేసిన మజ్జిగ సీసా పక్కన ఉండాలి. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా, తల తిరిగినా, మాట తడబడినా అక్కడితో ఆపి నీడకి వెళ్ళి ఒంటి మీద నీళ్ళు పోసుకో, ఆస్పత్రికి తీసుకెళ్ళమని పక్కనున్నవాడికి చెప్పు. అందుకే ఒంటరిగా చెయ్యొద్దు, కబడ్డీ జట్టులో ఇంకొకణ్ణి తోడు తెచ్చుకో.

ఒక్క పని మాత్రం మర్చిపోకు. బస్తా కుట్టించాక బియ్యం కొట్టుకో, మామయ్య తూకం వేసే కాటా దగ్గరికో పట్టుకెళ్ళి తూయించు, తూగినంతా సంచి మీద పెయింట్‌తో రాయి. నేను కంటితో చూసి నలభై అనుకుని ఒక సీజనంతా పిల్లల చేత మోయించిన బస్తా కాటా మీద పెడితే 62 తేలింది, వాళ్ళు నన్ను ఇప్పటికీ తిడతారు.